పరగడుపు వేరు, ఉపవాసం వేరు: రక్తపరీక్షకు ముందు ఎంతసేపు తినకూడదు?

మీ ప్రశ్న సారాంశం ఇది. మీ నాన్నగారికి 57 ఏళ్లు. మహాశివరాత్రి నాడు నీళ్లు కూడా సరిగా తాగకుండా ఉపవాసం ఉండి, రాత్రంతా జాగారం చేసి, మర్నాడు ఉదయం "ఎలాగూ కడుపు ఖాళీగానే ఉంది కదా" అని దగ్గరలోని ల్యాబ్‌లో అన్ని పరీక్షలూ చేయించుకున్నారు. ఫాస్టింగ్ షుగర్ 74 వచ్చింది. పారణ చేసిన రెండు గంటలకు చూస్తే 196 ఉంది. మొత్తం బిలిరుబిన్ 2.3, అందులో ఇన్‌డైరెక్ట్ 1.9, కాలేయ ఎంజైము ఎస్‌జీపీటీ 28, యూరిక్ యాసిడ్ 8.4, థైరాయిడ్ పనితీరు చూసే టీఎస్‌హెచ్ 6.1 అని, మూత్రంలో కీటోన్లు రెండు ప్లస్‌లు అని నివేదికలో ఉంది. నిరుడు 116 ఉన్న ఫాస్టింగ్ షుగర్ ఈసారి 74కు దిగినందుకు ఇంట్లో అందరూ సంతోషించారు, బిలిరుబిన్ చూసి మాత్రం కాలేయం పాడైందేమోనని భయపడుతున్నారు.

నేను బయోకెమిస్ట్రీలో ఎండీ చేసి 24 ఏళ్లుగా ఆసుపత్రి ల్యాబ్‌లో నివేదికల మీద సంతకం పెడుతున్నాను. మీ సంతోషానికీ మీ భయానికీ కూడా ఈ కాగితం సరైన ఆధారం కాదని నా అభిప్రాయం. ల్యాబ్ వారు తప్పుగా కొలిచారని నేను అనడం లేదు. ఆ ఉదయం మీ నాన్నగారి రక్తంలో ఉన్నది ఉన్నట్లే కొలిచి ఉంటారు. కాని 36 గంటలు తిండి లేక, ఒక రాత్రి నిద్ర లేక ఉన్న శరీరం తాలూకు అంకెలవి. వాటి పక్కన అచ్చువేసిన 'నార్మల్ రేంజ్' మాత్రం రాత్రి మామూలుగా భోంచేసి, నిద్రపోయి, ఉదయాన్నే రక్తం ఇచ్చిన ఆరోగ్యవంతుల నుంచి తయారైనది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చడం వల్లనే ఇంత గందరగోళం వచ్చింది.

ఈ తేడాకు మన భాషలో చక్కని మాట ఉంది. రాత్రి భోజనం చేసి పడుకుని, లేచాక ఇంకా ఏమీ నోట్లో వేసుకోని స్థితిని పరగడుపు అంటాము. పూటకు పూట భోజనం మానేయడాన్ని ఉపవాసం అంటాము. కషాయం పరగడుపున తాగమంటే ముందురోజంతా పస్తుండాలని మన అమ్మమ్మలెవరూ అనుకోలేదు. చీటీ మీద 'ఫాస్టింగ్' అనే ఇంగ్లీషు మాట ఎక్కడంతోనే దానిని అందరూ ఉపవాసంగా అర్థం చేసుకోసాగారు. ఎంత ఎక్కువసేపు తినకుండా ఉంటే పరీక్ష అంత 'స్వచ్ఛంగా' వస్తుందనే నమ్మకం కూడా అక్కడినుంచే బలపడింది. ల్యాబ్‌కు కావలసినది పరగడుపు మాత్రమే. షుగర్‌కు కనీసం 8 గంటలు, కొవ్వుల పరీక్షకు పరగడుపున రమ్మంటే 9 నుంచి 12 గంటలు సరిపోతాయి. రాత్రి ఎనిమిదింటికి భోంచేసి ఉదయం ఏడు, ఎనిమిది గంటల మధ్య రక్తం ఇస్తే అన్నింటికీ సరిపోయినట్లే. 14 గంటలు దాటాక కొత్తగా కలిగే లాభమేమీ లేకపోగా అంకెలు మరో దిక్కుకు జరగడం మొదలుపెడతాయి.

ఎందుకు జరుగుతాయో తెలియాలంటే తినడం ఆపిన తర్వాత శరీరం ఏం చేస్తుందో కొంచెం చూడాలి. తిన్న అన్నం అరిగి రక్తంలోకి చేరడానికి నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. ఆ తర్వాత కాలేయం తన దగ్గర గ్లైకోజెన్ రూపంలో దాచుకున్న చక్కెరను కొద్దికొద్దిగా వదులుతూ రాత్రంతా మెదడును, ఎర్ర రక్తకణాలను పోషిస్తుంది. పరగడుపు పరీక్ష కొలిచేది సరిగ్గా ఈ దశనే, అంటే బయటినుంచి తిండి రానప్పుడు కాలేయమూ ఇన్సులిన్ కలిసి చక్కెరను ఎంత నిలకడగా ఉంచగలుగుతున్నాయో చూస్తారు. కాలేయంలో ఉండే ఈ నిల్వ సుమారు వంద గ్రాములకు మించదు కనుక ఒక పగలూ ఒక రాత్రీ గడిచేసరికి దాదాపు అడుగంటుతుంది. అప్పటినుంచి శరీరం ప్రధానంగా కొవ్వును కరిగించుకుంటుంది. దానినుంచి కీటోన్లు పుడతాయి. కండరాల మాంసకృత్తుల నుంచి కూడా కాలేయం కొంత చక్కెర తయారు చేస్తుంది. మీ నాన్నగారి నివేదికలోని రెండు ప్లస్‌ల కీటోన్లకు ఇదే కారణం అయివుండాలి. ఉపవాసం చేసిన మనిషి మూత్రంలో కీటోన్లు కనబడటం సహజం. అదే షుగర్ వ్యాధికి మందులు వాడుతున్నవారిలో, పైగా వాంతులు, ఆయాసం, మగతతో పాటు కనబడితే మాత్రం ఒక్క గంట కూడా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఇప్పుడు ఒక్కొక్క అంకెనే చూద్దాం. బిలిరుబిన్ దగ్గరే మీ భయం మొదలైంది కనుక ముందు దాని సంగతి చెబుతాను. వయసు తీరిన ఎర్ర రక్తకణాలు విరిగిపోయినప్పుడు పుట్టే పసుపు పదార్థమే బిలిరుబిన్. కాలేయం శుద్ధి చేయకముందు ఉండేది ఇన్‌డైరెక్ట్, శుద్ధి చేశాక డైరెక్ట్. ఉపవాసంలో ఇన్‌డైరెక్ట్ భాగం ఎవరికైనా కొంత పెరుగుతుంది. గిల్బర్ట్ సిండ్రోమ్ ఉన్నవారిలో ఈ పెరుగుదల బాగా కనబడుతుంది. ఫ్రెంచి వైద్యుడు అగస్తీన్ గిల్బర్ట్ 1901లో వర్ణించిన ఈ స్థితి రోగమని చెప్పదగినది కూడా కాదు. బిలిరుబిన్‌ను శుద్ధి చేసే ఎంజైము పుట్టుకతోనే కొంచెం మందంగా పనిచేస్తుంది, అంతే. వందమందిలో ముగ్గురు నుంచి పదిమంది దాకా ఈ లక్షణంతో ఉంటారు, చాలామందికి జీవితమంతా ఆ సంగతే తెలియదు. జ్వరం వచ్చినా, నిద్ర లేకపోయినా, ఒక రోజంతా తినకపోయినా వీరి బిలిరుబిన్ రెండింతలు, ఒక్కోసారి మూడింతలు అవుతుంది. తిరిగి అన్నం తినడం మొదలుపెట్టిన ఒకటి రెండు రోజుల్లో దిగిపోతుంది. ఈ గుణం ఎంత ప్రసిద్ధమంటే, ఒకప్పుడు రోగికి రోజుకు 400 కేలరీలు మించకుండా రెండు రోజులు పెట్టి, బిలిరుబిన్ పెరుగుతుందో లేదో చూసి గిల్బర్ట్‌ను గుర్తించేవారు. శివరాత్రి ఉపవాసంతో మీ నాన్నగారు తెలియకుండానే అలాంటి పరీక్షకు సిద్ధమై వెళ్లారన్నమాట. పెరిగినది ఇన్‌డైరెక్ట్ భాగం కావడం, ఎస్‌జీపీటీ 28 దగ్గరే ఉండటం కాలేయ కణాలు దెబ్బతినలేదనే వైపు చూపుతున్నాయి. అయినా ఒక్క నివేదిక చూసి గిల్బర్ట్ అని తీర్మానించకూడదు. ఎర్ర రక్తకణాలు త్వరగా విరిగిపోయే జబ్బుల్లో కూడా ఇన్‌డైరెక్ట్ బిలిరుబిన్ పెరుగుతుంది కనుక, మళ్లీ చేయించేటప్పుడు హిమోగ్లోబిన్‌నూ రెటిక్యులోసైట్ల, అంటే కొత్తగా పుట్టిన ఎర్ర రక్తకణాల లెక్కనూ కూడా చూడమని అడగండి.

యూరిక్ యాసిడ్ 8.4 రావడానికి రెండు కారణాలు కలిసి ఉండవచ్చు. కీటోన్లూ యూరిక్ యాసిడ్ మూత్రపిండాల్లో ఒకే దారిన బయటకు పోవాలి. కీటోన్లు ఎక్కువైనప్పుడు ఆ దారి కోసం పోటీ ఏర్పడి యూరిక్ యాసిడ్ రక్తంలోనే నిలిచిపోతుంది. ఆపైన నీళ్లు తాగకపోతే మూత్రమే తగ్గిపోతుంది. కీళ్లవాతం, అంటే గౌట్ ఉన్నవారికి ఉపవాసం మర్నాడు బొటనవేలు వాచి నొప్పి రావడం నేను చాలాసార్లు చూశాను. ఇంతకుముందు అటువంటి నొప్పి లేని మనిషికి ఈ ఒక్క అంకె చూసి మందు మొదలుపెట్టడం సరికాదు.

టీఎస్‌హెచ్ 6.1 విషయంలో నేను జాగారాన్నే ఎక్కువ అనుమానిస్తాను. ఈ హార్మోను రాత్రిపూట పెరిగి, అర్ధరాత్రికీ తెల్లవారుజాముకూ మధ్య శిఖరానికి చేరి, మధ్యాహ్నానికి తగ్గుతుంది. నిద్ర దీనిని అణచి ఉంచుతుంది కనుక, రాత్రంతా మేలుకున్నవారిలో మామూలు కంటే ఎక్కువగా ఉంటుంది. మామూలు రోజుల్లో కూడా ఉదయం పరగడుపున తీసిన టీఎస్‌హెచ్ కంటే టిఫిన్ చేశాక పొద్దెక్కి తీసినది తక్కువగా వస్తుంది. దీనికి ఫాస్టింగ్ తప్పనిసరి కాకపోయినా, ప్రతిసారీ ఒకే వేళకు ఒకే స్థితిలో ఇవ్వడం అందుకే ముఖ్యం. ఒకసారి ఉదయం ఏడింటికి, మరోసారి సాయంత్రం నాలుగింటికి ఇచ్చి, మధ్యలో వచ్చిన తేడాను మందు గొప్పతనంగానో లోపంగానో లెక్కకట్టేవారు ఎందరో ఉన్నారు. టీఎస్‌హెచ్ 4.5కూ 7కూ మధ్య ఊగిసలాడేవారికి జీవితాంతం మాత్ర వేసుకోవాలా వద్దా అనే నిర్ణయమే ఈ వేళ మీద ఆధారపడి మారిపోగలదు.

అన్నిటికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టినది మాత్రం మీరు సంతోషించిన 74. నిరుడు 116 ఉందంటే ఆయన ప్రీడయాబెటిస్ దశలో ఉన్నట్లు. పరగడుపున 100 లోపు మామూలు, 100 నుంచి 125 దాకా ప్రీడయాబెటిస్, 126 లేదా అంతకు పైన రెండుసార్లు వస్తే షుగర్ వ్యాధి అని లెక్క. ఒకటిన్నర రోజు తినకపోతే గ్లైకోజెన్ అడుగంటి చక్కెర దిగడం సహజం, మగవారి కంటే ఆడవారిలో ఇంకా ఎక్కువ దిగుతుంది. కనుక 74 అనే అంకె ఆయనకు ఈ దశ తగ్గిందని చెప్పదు. ఇక పారణ తర్వాత వచ్చిన 196 దీనికి వ్యతిరేక దిశలో తప్పుదారి పట్టించి ఉండవచ్చు. చాలాసేపు తిండి లేని శరీరం కొవ్వుతో బతకడానికి అలవాటు పడి ఉంటుంది. అప్పుడు ఒక్కసారిగా పులిహోర, పాయసం, పళ్లు కడుపులో పడితే ఇన్సులిన్ ప్రతిస్పందన ఆలస్యంగానూ బలహీనంగానూ ఉంటుంది, చక్కెర మామూలు రోజు కంటే ఎక్కువ ఎత్తుకు లేస్తుంది. అందుకే గ్లూకోజ్ తాగించి చేసే పరీక్షకు ముందు మూడు రోజులు రోజుకు కనీసం 150 గ్రాముల పిండిపదార్థాలు తిని రావాలని నియమం పెట్టారు. ఈమధ్య అన్నం పూర్తిగా మానేసి మాంసం, గుడ్లు, నెయ్యి మాత్రమే తినే పద్ధతులు పాటిస్తున్నవారు ఈ పరీక్షకు వెళితే, లేని షుగర్ ఉన్నట్లు వచ్చే ప్రమాదం ఉంది. ఫాస్టింగ్ చూసి జబ్బు పోయిందనుకోవడానికీ, పోస్ట్ లంచ్, అంటే తిన్న రెండు గంటల అంకె చూసి జబ్బు ముదిరిందనుకోవడానికీ మీ నాన్నగారి కాగితంలో చాలినంత ఆధారం లేదు. హెచ్‌బీఏ1సీ చేయించి ఉంటే ఇంత తికమక ఉండేది కాదు. అది గత రెండు మూడు నెలల చక్కెర సగటు కనుక ఒక రోజు తిన్నా మానినా మారదు, ఏ వేళలోనైనా ఇవ్వవచ్చు. అది 5.7 నుంచి 6.4 దాకా ఉంటే ప్రీడయాబెటిస్, 6.5 లేదా పైన ఉంటే షుగర్. ఐతే ఇనుము లోపంతో రక్తహీనత ఉన్నవారిలో అది ఉన్నదానికంటే ఎక్కువగా, ఈమధ్యే రక్తం ఎక్కించుకున్నవారిలోనూ రక్తకణాలు త్వరగా విరిగే జబ్బున్నవారిలోనూ నమ్మలేని విధంగా వస్తుంది. బిలిరుబిన్ విషయంలో రక్తకణాలను చూడమన్నానే, ఆ సమాధానం ఇక్కడ కూడా పనికివస్తుంది.

ఎక్కువసేపు మానేయడం గురించి ఇంతసేపు చెప్పాను గాని, ల్యాబ్‌లో మాకు రోజూ ఎదురయ్యేది దానికి రెండో వైపు. 'ఏమీ తినలేదండి, కాఫీ మాత్రమే తాగాను' అనే మాట వినని ఉదయం ఉండదు. పాలూ చక్కెరా వేసిన కాఫీ ఆహారమే. ఇవేవీ లేని డికాక్షన్ కూడా వద్దనే చెబుతాను, ఎందుకంటే కెఫీన్ వల్ల అడ్రినలిన్ పెరిగి, చక్కెరా కొవ్వు ఆమ్లాలూ కదులుతాయి. సిగరెట్టు, ఖైనీ కూడా ఇదే పని చేస్తాయి. ఒకసారి ఒక పెద్దావిడకు ఫాస్టింగ్ షుగర్ 170 దాటింది, అంతకుముందు ఎప్పుడూ 110 దాటలేదు. ఏమైనా తిన్నారా అని మూడుసార్లు అడిగితే మూడుసార్లూ లేదన్నారు. చివరికి గుడి ప్రస్తావన వచ్చాక తెలిసింది, తెల్లవారుజామున దర్శనానికి వెళ్లి చక్కెర పొంగలి తీసుకున్నారు. ప్రసాదాన్ని ఆవిడ తినడం కింద లెక్కపెట్టలేదు, అందులో అబద్ధమేమీ లేదు. ఆ రోజునుంచి మా ల్యాబ్‌లో ప్రశ్న మార్చాము: 'ఉదయం లేచినప్పటినుంచి నీళ్లు కాక నోట్లో ఏమైనా పడిందా, ప్రసాదం గాని తీర్థం గాని?' అని అడుగుతాము.

నీళ్లు మాత్రం తాగాలి. దీని గురించి కూడా అపోహ ఉంది. నీళ్లలో కేలరీలు లేవు కనుక షుగర్‌నూ కొవ్వులనూ అవి మార్చవు. తాగకపోతేనే రక్తం చిక్కబడి హిమోగ్లోబిన్, ఆల్బుమిన్, యూరియా కొంచెం ఎక్కువగా కనబడతాయి. నరం దొరక్క రెండు మూడు చోట్ల సూది గుచ్చవలసి వస్తుంది, ముసలివారికి కళ్లు తిరుగుతాయి.

కొవ్వుల పరీక్షకు, అంటే లిపిడ్ ప్రొఫైల్‌కు, ఇప్పటికీ 12 గంటలు తినకుండా రావాలని చాలాచోట్ల రాస్తున్నారు. ఇందులో సగం నిజం, సగం పాత అలవాటు. భోజనం తర్వాత నిజంగా మారేది ట్రైగ్లిసరైడ్లు అనే కొవ్వులు. మొత్తం కొలెస్ట్రాల్, 'మంచి కొలెస్ట్రాల్' అనే హెచ్‌డీఎల్ పెద్దగా మారవు. చాలా ల్యాబ్‌లలో 'చెడు కొలెస్ట్రాల్' అనే ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవరు, 1972 నుంచి వాడుకలో ఉన్న ఫ్రీడ్‌వాల్డ్ లెక్క ప్రకారం మొత్తం కొలెస్ట్రాల్ నుంచి హెచ్‌డీఎల్‌నూ, ట్రైగ్లిసరైడ్లలో ఐదో వంతునూ తీసివేసి రాస్తారు. మొత్తం 200, హెచ్‌డీఎల్ 40, ట్రైగ్లిసరైడ్లు 150 ఉన్న మనిషికి ఎల్‌డీఎల్ 130 అవుతుంది. అదే మనిషి రాత్రి పొద్దుపోయాక బిర్యానీ తిని ఉదయాన్నే వచ్చి, ట్రైగ్లిసరైడ్లు 300 అయ్యాయనుకుంటే, లెక్కలో ఎల్‌డీఎల్ 100గా వస్తుంది. గుండెకు ముప్పు తెచ్చే అంకె నిజంకంటే తక్కువగా కనబడి, అవసరమైన మందు ఆగిపోవచ్చు. ట్రైగ్లిసరైడ్లు 400 దాటితే ఈ లెక్క అసలు పనికిరాదు. ఐతే మామూలు భోజనం తర్వాత జరిగే మార్పు మనం అనుకునేంత పెద్దది కాదని తేలింది. యూరప్‌లోని అథెరోస్క్లెరోసిస్ సొసైటీ, ల్యాబ్ వైద్యుల సమాఖ్య కలిసి 2016లో ప్రకటించిన అభిప్రాయం ప్రకారం, తిన్నాక ట్రైగ్లిసరైడ్లు సగటున 26 మిల్లీగ్రాములు పెరుగుతాయి, ఎల్‌డీఎల్ సగటున 8 తగ్గుతుంది. అందుచేత మొదటిసారి చేయించుకునే పరీక్షకు పరగడుపు అక్కరలేదని వారు సూచించారు. తిన్నాక తీసిన ట్రైగ్లిసరైడ్లు 440 దాటితే మాత్రం పరగడుపున మళ్లీ చూడాలి. నా మట్టుకు నేను, ఇదివరకే ట్రైగ్లిసరైడ్లు ఎక్కువగా ఉన్నవారినీ, షుగర్ పరీక్ష కూడా అదే రోజు ఉన్నవారినీ పరగడుపుననే రమ్మంటాను. ముందురాత్రి విందులూ మద్యమూ వద్దంటాను. బాగా నూనె తిన్న మనిషి రక్తాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే పైన తేలే ద్రవం మజ్జిగలా తెల్లగా ఉంటుంది. కాంతి దాని గుండా సరిగా పోదు కనుక హిమోగ్లోబిన్ లాంటి సంబంధం లేని అంకెలు కూడా చెడిపోతాయి.

రక్తకణాల లెక్కకు, క్రియాటినిన్‌కు, కాలేయ పరీక్షల్లో చాలావాటికి, విటమిన్ డి పరీక్షకు పరగడుపు తప్పనిసరి కాదు. కొన్ని చిన్న సంగతులు మాత్రం గుర్తుంచుకోవాలి. మాంసం వండినప్పుడు అందులోని క్రియాటిన్ క్రియాటినిన్‌గా మారుతుంది, కనుక ఆదివారం మాంసం బాగా తిని కొన్ని గంటల్లోనే రక్తం ఇస్తే మూత్రపిండాల అంకె కొంచెం ఎత్తుగా వస్తుంది. ఓ, బీ గ్రూపుల రక్తం ఉన్న కొందరిలో కొవ్వు ఎక్కువైన భోజనం తర్వాత పేగుల నుంచి ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ రక్తంలోకి వచ్చి, కాలేయానికో ఎముకలకో జబ్బు ఉందేమోననే అనుమానం కలిగిస్తుంది. తిరుమల మెట్లెక్కి వచ్చిన మర్నాడు ఇచ్చిన రక్తంలో కండరాల ఎంజైము సీకే, దానితో పాటు ఎస్‌జీఓటీ అనే మరో ఎంజైము పెరిగి ఉండటం సహజం. థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు టీ4 అనే థైరాయిడ్ హార్మోను కూడా చూపించుకోవాలంటే రక్తం ఇచ్చాకే ఆ రోజు మాత్ర వేసుకోవాలి. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడేవారు కనీసం రెండు రోజుల ముందు ఆపి, ఆ సంగతి ల్యాబ్‌లో చెప్పాలి. కొన్ని యంత్రాల్లో బయోటిన్ అడ్డుపడి టీఎస్‌హెచ్‌ను లేనంత తక్కువగా, థైరాయిడ్ హార్మోన్లను లేనంత ఎక్కువగా చూపిస్తుంది. దీనిపై అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే హెచ్చరిక చేసింది.

పోస్ట్ లంచ్ పరీక్షలో రెండు గంటలు మొదటి ముద్ద తిన్న క్షణం నుంచి లెక్కించాలి, చెయ్యి కడుక్కున్నప్పటినుంచి కాదు. ఆ పూట మామూలుగా తినేదే తినాలి, వేసుకునే మాత్ర వేసుకోవాలి. రెండు ఇడ్లీలతో సరిపెట్టుకుని వెళితే మంచి అంకె వస్తుందేమో గాని మందు సరిపోతోందో లేదో వైద్యునికి తెలియదు. ఫాస్టింగ్ కంటే పోస్ట్ లంచ్ తక్కువ వచ్చిందని కంగారుపడి ఫోన్ చేసేవారు చాలామంది ఉంటారు. తెల్లవారుజామున కార్టిసోల్, గ్రోత్ హార్మోను లేచి కాలేయం చేత చక్కెర వదిలిస్తాయి కనుక షుగర్ ఉన్నవారిలో పరగడుపు అంకె ఎత్తుగా ఉండటం మామూలే. టిఫిన్‌తో పాటు మాత్ర వేసుకుని, తక్కువ తిని, కాస్త నడిచి వస్తే రెండో అంకె దిగుతుంది. పదకొండు గంటల దాకా క్యూలో కూర్చోబెట్టి తీసిన ఫాస్టింగ్ కూడా ఉదయం ఏడింటి అంకెతో సమానం కాదు.

షుగర్‌కు మందులు వాడేవారు ఈ ఎదురుచూపులోనే ప్రమాదంలో పడతారు. గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర గాని ఇన్సులిన్ గాని రక్తం ఇవ్వకముందు ఎప్పటిలాగే తీసుకుని, తినకుండా కూర్చుంటే చక్కెర 70 లోపుకు పడిపోయి చెమటలు పట్టి స్పృహ తప్పవచ్చు. ఆ మందులు వెంట తీసుకువెళ్లి, రక్తం ఇచ్చి, టిఫిన్‌తో వేసుకోవాలి. రక్తపోటు మాత్రలు నీళ్లతో ఎప్పటి వేళకే వేసుకోవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మందులు వాడేవారి మూత్రంలో చక్కెర ఎప్పుడూ ఎక్కువగానే కనబడుతుంది, అది ఆ మందు పనిచేసే తీరు. కాని ఈ మందు మీద ఉండి రోజంతా ఉపవాసం చేస్తే రక్తంలో చక్కెర మామూలుగా కనబడుతూనే కీటోన్లు ప్రమాదకరంగా పెరగవచ్చు కనుక, వైద్యుణ్ని అడగకుండా ఏకాదశులూ శివరాత్రులూ ఉపవాసం చేయవద్దు. గర్భిణులను కూడా పస్తు ఉంచనక్కరలేదు. మన దేశంలో ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం, ముందు తిన్నారా లేదా అనే దానితో నిమిత్తం లేకుండా 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించి, రెండు గంటలకు చూస్తారు. 140 లేదా పైన ఉంటే గర్భకాలపు షుగర్‌గా లెక్కిస్తారు.

రంజాన్ నెలలో రోజా ఉండేవారు సాయంత్రం ఇఫ్తార్‌కు ముందు రక్తం ఇస్తామంటే నేను వద్దంటాను. సహరీ తర్వాత ఎనిమిది గంటలు గడిచాక, మధ్యాహ్నం వేళ ఇస్తే నీరసం తక్కువగా ఉంటుంది. వీలైతే ఆ నెల దాటాక చేయించుకోవడమే మేలు. షుగర్ ఉన్నవారు ఇంట్లో వేలి కొన నుంచి చుక్క రక్తం తీసి చూసుకోవడం వల్ల రోజా చెడదని ముస్లిం మతపండితులు చాలామంది చెబుతున్నారు. ఆ చుక్కలో 70 లోపు గాని 300 పైన గాని కనబడితే వెంటనే రోజా విరమించాలని వైద్యుల సూచన. కార్తిక సోమవారాలు చేసేవారు నక్షత్ర దర్శనం తర్వాత రాత్రి భోంచేసినా, మంగళవారం పొద్దున్నే కాకుండా ఒకటి రెండు రోజులు ఆగి రావడం మంచిది.

ఇంటికి వచ్చి రక్తం తీసుకెళ్లేవారిని ఒక్క సంగతి గమనించండి. షుగర్‌కు ఫ్లోరైడ్ కలిపిన బూడిద రంగు మూత గొట్టం వాడాలి. అది లేకుండా మామూలు గొట్టంలో ఉంచి గంటలకొద్దీ బండి మీద తిప్పితే, రక్తకణాలే చక్కెరను తినేసి అంకె గంటకు 5 నుంచి 7 శాతం పడిపోతుంది.

మీ నాన్నగారికి నేను సూచించేది ఇది. కనీసం మూడు నాలుగు రోజులు మామూలుగా తిని, నీళ్లు తాగి, నిద్రపోయి, ఆ తర్వాత రాత్రి ఎనిమిదింటికి భోంచేసి, ఉదయం ఏడున్నరకు రక్తం ఇవ్వమనండి. ఫాస్టింగ్ షుగర్, హెచ్‌బీఏ1సీ, డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్ విడివిడిగా బిలిరుబిన్, యూరిక్ యాసిడ్, టీఎస్‌హెచ్, రక్తకణాల లెక్క, రెటిక్యులోసైట్లు చేయిస్తే చాలు, మళ్లీ మొత్తం ప్యాకేజీకి డబ్బు పోయనక్కరలేదు. చివరి భోజనం ఏ వేళకు చేశారో చీటీ మీదనే రాయించండి. మొదటి నివేదికను కూడా వైద్యునికి చూపించి, అది ఉపవాసం, జాగారం చేసిన మర్నాటిదని చెప్పండి. ఈలోగా కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగుకు తిరిగినా, మలం సున్నం రంగులో వచ్చినా ఆ మూడు నాలుగు రోజులు ఆగకుండా వెంటనే వైద్యుణ్ని కలవండి.